పిస్టల్ మీద ఎర్రచుక్క



డాలస్ చుట్టుపక్కల ఏ షూటింగ్ రేంజ్‌కి వెళ్ళినా ఈ మధ్య ఒక మార్పు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పక్క లేన్‌లో కాలుస్తున్నవాళ్ళ పిస్టళ్ళ మీద, వెనక భాగాన, చిన్న అద్దం ఒకటి నిలబడి ఉంటుంది. దాన్నే రెడ్ డాట్ సైట్ అంటారు. ఒకప్పుడు పోటీల్లో కాల్చేవాళ్ళ దగ్గర తప్ప ఇది కనిపించేది కాదు. ఇప్పుడు మొదటి పిస్టల్ కొనుక్కునేవాళ్ళు కూడా అద్దంతోనే కొంటున్నారు. వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. నేను ఇక్కడ వారాంతాల్లో పిస్టల్ నేర్పుతుంటాను కాబట్టి, కొన్న నెలలోపే వాళ్ళు నా దగ్గరికి వస్తారు. అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. చుక్క కనపడట్లేదనో, కనపడినా నిలవట్లేదనో, ఇంత ఖర్చు పెట్టినా గుండు ఎక్కడో పడుతోందనో అంటారు.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. ఎర్రచుక్క మన చేతి సంగతి ఏదీ దాచదు, ఉన్నదున్నట్టు చూపించేస్తుంది. చూసి దిద్దుకునే ఓపిక ఉన్నవాళ్ళకి అది మంచి గురువు. ఆ ఓపిక లేనివాళ్ళకి దాని మీద పెట్టిన నాలుగొందల డాలర్లూ దండగే. ఎందుకంటున్నానో వివరంగా చెప్తాను.

ముందు కంటి సంగతి. మామూలు పిస్టల్‌కి వెనక చివర ఒక గాడి, ముందు చివర ఒక చిన్న దిమ్మ ఉంటాయి. వీటినే ఐరన్ సైట్లు అంటారు. గాడి మధ్యలో దిమ్మ నిలబడాలి. దిమ్మ పైఅంచు గాడి అంచులతో సమంగా ఉండాలి. అలా కుదిరిన రెండూ కలిసి లక్ష్యం మీద కూర్చోవాలి. అంటే చెయ్యి చాపినంత దూరంలో రెండు వస్తువులు, పది గజాల అవతల మూడోది. మనిషి కన్ను ఒకసారి ఒక్క దూరాన్నే స్పష్టంగా చూడగలదు. అందుకే పిస్టల్ నేర్పేవాళ్ళంతా ఎప్పటినుంచో, "ముందున్న దిమ్మని చూడు, లక్ష్యం కాస్త మసగ్గా ఉన్నా పరవాలేదు" అనే చెప్తూ వచ్చారు. పాతికేళ్ళ వయసులో ఇది పెద్ద కష్టం కాదు.

నలభై దాటాక చత్వారం మొదలవుతుంది. పుస్తకాన్ని దూరంగా జరిపి చదివినట్టు పిస్టల్‌ని జరపలేం, చెయ్యి అంతకన్నా సాగదు. యాభై దాటినవాళ్ళకి ఆ ముందు దిమ్మ అంచులు కరిగిపోయి బూడిదరంగు మచ్చలా ఆనుతుంది. ప్రోగ్రెసివ్ కళ్ళద్దాలు పెట్టుకునేవాళ్ళ అవస్థ ఇంకోరకం. దగ్గరి చూపు అద్దం కిందిభాగంలో ఉంటుంది కాబట్టి, దిమ్మని చూడ్డానికి గడ్డం పైకెత్తుతారు. గడ్డం లేస్తే మెడ బిగుస్తుంది, మెడతోపాటు భుజాలు బిగుస్తాయి. అరగంట కాల్చేసరికి మెడ పట్టేస్తుంది. రేంజ్‌లో వెనక నిలబడి చూస్తే, తల వెనక్కి వాల్చి కాలుస్తున్నవాళ్ళ వయసు వాళ్ళ మొహం చూడకుండానే చెప్పొచ్చు.

ఎర్రచుక్క ఈ బాధని ఒక్కసారిగా తీసేస్తుంది. మనం లక్ష్యాన్నే చూస్తాం. చుక్క కూడా అక్కడే, అంత దూరంలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. కలపాల్సిన మూడు వస్తువుల స్థానంలో రెండే మిగిలాయి, ఆ రెండూ కంటికి ఒకే దూరంలో ఉన్నాయి. చత్వారం ఉన్న కంటికి దూరపు చూపు బాగానే ఉంటుంది కదా, దానికి కావలసిందీ అదే. యాభై ఎనిమిదేళ్ళ పెద్దమనిషి ఒకాయన మొదటిసారి అద్దంలోంచి చూసి, ట్రిగ్గర్ మీద వేలు కూడా పెట్టకుండా, చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయారు. "కాగితం మీద గీతలు కూడా కనపడుతున్నాయి మాస్టారూ" అన్నారు. ఆయన అప్పటికి కొన్నేళ్ళుగా లక్ష్యాన్ని స్పష్టంగా చూడకుండానే కాలుస్తున్నారు.

అసలు ఈ ఆలోచన వయసు నూరేళ్ళు దాటింది. డబ్లిన్‌లో టెలిస్కోపులు తయారుచేసే హొవార్డ్ గ్రబ్ 1900లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో జర్మన్ విమానాల్లోకి ఎక్కింది. రెండో యుద్ధం నాటికి ఫైటర్ పైలట్ల ఎదురుగా వాలుగా నిలబెట్టిన గాజుపలక, దానిలో వెలిగే వలయం మామూలైపోయాయి. స్వీడన్‌లో ఎయిమ్‌పాయింట్ కంపెనీ 1975లో దీన్ని ఎలక్ట్రానిక్ గొట్టంగా చేసి వేట రైఫిళ్ళకి అమర్చింది. 1997లో అమెరికా సైన్యం తన రైఫిళ్ళ కోసం ఆ కంపెనీ సైట్లనే తీసుకుంది.

పిస్టల్ దాకా రావడానికి మాత్రం ఇంకా సమయం పట్టింది. దానికి కారణం స్లైడ్. పిస్టల్ పేలిన ప్రతిసారీ పైనున్న ఆ ఇనపతొడుగు రెప్పపాటులో వెనక్కి వెళ్ళి ఆగి, మళ్ళీ ముందుకొచ్చి కొట్టుకుంటుంది. దాని మీద కూర్చున్న అద్దం, బ్యాటరీ, బల్బు, సన్నటి తీగలు అన్నీ ఆ రెండు దెబ్బలూ తినాలి. 1990ల్లో పోటీల్లో కాల్చేవాళ్ళు ఈ దెబ్బ తప్పించడానికి సైట్‌ని స్లైడ్ మీద కాకుండా, కదలని ఫ్రేమ్‌కి కమ్మీ వేసి బిగించేవారు. అలాంటి పిస్టల్ నడుముకి పెట్టుకుని చొక్కా కింద దాచేది కాదు. ట్రిజికాన్ కంపెనీ 2009లో తెచ్చిన ఆర్‌ఎమ్‌ఆర్ అనే చిన్న సైట్ స్లైడ్ మీది దెబ్బలకి తట్టుకుని నిలబడింది. మొదట్లో దాన్ని బిగించుకోవాలంటే గన్‌స్మిత్ దగ్గర స్లైడ్‌ని మిల్లింగ్ చేయించి గుంట తీయించుకోవాల్సి వచ్చేది. 2015లో గ్లాక్ తన ఎమ్‌ఓఎస్ మోడళ్ళలో ఫ్యాక్టరీలోనే ఆ గుంట చేసి, సైట్ బిగించే పలకలు ఇచ్చి అమ్మడం మొదలుపెట్టింది. 2017లో అమెరికా సైన్యం కొత్త పిస్టల్‌గా సిగ్ పీ320ని ఎంచుకున్నప్పుడు, దాని స్లైడ్‌కీ అద్దం బిగించే వీలుంది. అక్కణ్ణుంచి ఇక ఆగలేదు.

ఇప్పుడు ఆ చుక్క ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్తాను. చాలామంది అది లేజర్ అనుకుంటారు. సినిమాల్లో విలన్ గుండె మీద కదిలే ఎర్రమచ్చ ఇది కాదు. ఇక్కడ వెలుగు ముందుకి పోదు, వెనక్కి, మన కంట్లోకి వస్తుంది. సైట్ వెనక భాగంలో, అడుగున, ఇసుక రేణువంత ఎల్‌ఈడీ ఉంటుంది. అది ముందున్న అద్దం మీద వెలుగు వేస్తుంది. ఆ అద్దానికి కొద్దిగా వంపు ఉంటుంది, పైన ఒక పలచటి పూత ఉంటుంది. ఆ పూత ఎరుపులో ఒక సన్నటి భాగాన్ని మాత్రం తిప్పి మన వైపు పంపి, మిగతా రంగులన్నిటినీ దాటనిస్తుంది. వంపు వల్ల ఆ ఎర్రటి కిరణాలు ఒకదానికొకటి సమాంతరంగా వస్తాయి. సమాంతరంగా వచ్చే వెలుగు కంటికి ఎంతో దూరం నుంచి వచ్చినట్టే ఉంటుంది. రైలు కిటికీలోంచి చూస్తే చందమామ మనతోపాటే వస్తున్నట్టుంటుంది కదా, తల కాస్త పక్కకి జరిపినా ఈ చుక్క అలాగే లక్ష్యం మీదనే ఉంటుంది. అద్దం మధ్యలో లేకపోయినా, మూలకి జారినా, చుక్క ఎక్కడుందో గుండు అటే వెళ్తుంది. పూర్తిగా నూటికి నూరుపాళ్ళు కాదు, మూలల్లో కొద్దిగా తేడా వస్తుంది. పిస్టల్ కాల్చే దూరాలకి ఆ తేడా లెక్కలోకి రాదు.

చుక్క కొలత కూడా తెలుసుకోవాలి, కొనేటప్పుడు డబ్బా మీద అదే రాసి ఉంటుంది. ఎమ్‌ఓఏ అంటే ఒక డిగ్రీలో అరవయ్యో వంతు. నూరు గజాల దగ్గర అది సుమారు ఒక అంగుళం. కాబట్టి 3.25 ఎమ్‌ఓఏ చుక్క పాతిక గజాల దగ్గర ముప్పావు అంగుళం కన్నా కొంచెం ఎక్కువ మేర కప్పుతుంది. 6.5 చుక్క దానికి రెట్టింపు. పెద్ద చుక్క కంటికి త్వరగా ఆనుతుంది, చిన్న చుక్కతో దూరంలో నిదానంగా కాల్చడం బాగుంటుంది. ఇంటి రక్షణ కోసం కొనేవాళ్ళకి నేను పెద్దదే చెప్తాను.

ఇక కొన్నవాళ్ళ అనుభవాలు. ఇక్కడే చెప్పవలసింది ఎక్కువుంది.

ఎక్కువమంది చేతిలో చూస్తున్నవి రెండు. ఒకటి గ్లాక్ 19, పదిహేను గుళ్ళది, నాలుగు అంగుళాల బారెల్. రెండోది సిగ్ పీ365 ఎక్స్‌ఎల్. పీ365 మొదటి మోడల్ 2018లో వచ్చింది. అంత చిన్న పిస్టల్‌లో పది గుళ్ళు పట్టడం అప్పటికి వింత. మరుసటి ఏడాది వచ్చిన ఎక్స్‌ఎల్‌లో పన్నెండు పడతాయి, అద్దానికి చోటు కూడా ఫ్యాక్టరీ నుంచే ఉంటుంది. బరువు ఆరువందల గ్రాముల లోపు. ఎక్స్‌ఎల్ కొన్నవాళ్ళు రోజూ పెట్టుకుని తిరగడానికి హాయిగా ఉందంటారు. రేంజ్‌లో యాభై గుళ్ళు కాల్చాక వాళ్ళే, చెయ్యి బాగా ఎగురుతోందని చెప్తారు. రెండు మాటలూ నిజమే. తేలికపాటి పిస్టల్ మోయడానికి సుఖం, కాల్చడానికి కష్టం. చుక్క ఉన్నప్పుడు ఆ కష్టం కంటికి కనపడుతుంది. గుండు పేలగానే చుక్క అద్దంలోంచి ఎగిరిపోయి, ఎక్కడికో వెళ్ళి, తిరిగొస్తుంది. గ్లాక్ 19 మీద అదే చుక్క, పట్టు బాగుంటే, అద్దం దాటకుండానే లేచి దిగుతుంది. కొత్తవాళ్ళు రెండిట్లో ఏది కొనాలని అడిగితే, నేర్చుకోవడానికి గ్లాక్ అంతటి పిస్టలే మంచిదని నా అభిప్రాయం. చిన్నది తర్వాత కొనుక్కోవచ్చు.

మొదటిరోజు అందరూ చెప్పే ఫిర్యాదు చుక్క కనపడ్డంలేదనే. నెల్లూరి కుర్రాడు ఒకతను కొత్త గ్లాక్ తెచ్చాడు. పిస్టల్ పైకెత్తాడు, అద్దంలో ఏమీ లేదు. మణికట్టు అటూ ఇటూ తిప్పాడు. "అన్నా, బ్యాటరీ అయిపోయినట్టుందన్నా" అన్నాడు. బ్యాటరీ బాగానే ఉంది. అతను పిస్టల్ ఎత్తేటప్పుడు గొట్టం మూతి కాస్త పైకి లేస్తోంది. అంత చిన్న అద్దంలో రెండు మూడు డిగ్రీల తేడా వస్తే చాలు, చుక్క అంచు దాటి పోతుంది. ఐరన్ సైట్లతో అయితే మూతి లేచినా ఆ ముందు దిమ్మ ఎత్తుగా కనపడుతుంది, కిందికి దించుకోమని చెప్తుంది. చుక్క అలా చెప్పదు. ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

దీనికి ఉపాయం ఉంది. కళ్ళు లక్ష్యం మీద పెట్టండి. పిస్టల్‌ని ఛాతీ దగ్గర రెండు చేతులతో కలిపి పట్టుకుని, కంటికీ లక్ష్యానికీ మధ్యన ఉన్న గీత మీదికి తెచ్చి, నేరుగా ముందుకి చాపండి. తల కదలకూడదు, పిస్టలే కంటి దగ్గరికి రావాలి. చుక్క దొరక్కపోతే వెతుకుతూ ఊపొద్దు, మూతి కొద్దిగా దించండి, పైనుంచి చుక్క దిగి వస్తుంది. ఆ కుర్రాడికి ఆ పూట ఒక్క గుండు కూడా కాల్చనివ్వలేదు. ఖాళీ పిస్టల్‌తో ఎత్తడం, దించడం, అంతే. ఇంట్లో కూడా అలా చెయ్యమన్నాను. మ్యాగజీన్ తీసేసి, ఛాంబర్ కంటితో చూసి, వేలు పెట్టి తడిమి, గుళ్ళు మరో గదిలో పెట్టి, గుండు దాటలేని గోడ వైపు మాత్రమే. తర్వాతి నెల వచ్చినప్పుడు అతని చెయ్యి లేవగానే చుక్క అక్కడే ఉంది.

రెండో ఫిర్యాదు చుక్క వణుకుతోందని. విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న అమ్మాయి ఒకామె, "ఐరన్ సైట్లతో నా చెయ్యి ఇలా వణకదు అంకుల్, ఇది చూస్తే భయమేస్తోంది" అంది. అప్పుడూ చెయ్యి ఇంతే వణికింది, కనపడలేదంతే. ప్రతి మనిషి చెయ్యీ కదులుతుంది. గుండె కొట్టుకుంటుంది, ఊపిరి ఆడుతుంది, కండరాలు నిలకడగా ఉండవు. చుక్క ఆ కదలికని తెచ్చి లక్ష్యం మీద గీసి చూపిస్తుంది. దాన్ని ఆపాలని చూసేవాళ్ళు ఊపిరి బిగబట్టి, చుక్క సరిగ్గా నడిమధ్యకి వచ్చిన క్షణం చూసుకుని ట్రిగ్గర్‌ని గుంజుతారు. కుడిచేతివాళ్ళకి ఆ గుంజుడుకే గుండు కిందికీ ఎడమకీ పోతుంది. వణుకు వల్ల పోయే దూరం కన్నా గుంజడం వల్ల పోయే దూరం చాలా ఎక్కువ. చుక్కని తిరగనివ్వండి. లక్ష్యంలో అరచేయంత చోటులో అది తిరుగుతోందంటే గుండు కూడా ఆ చోటులోనే పడుతుంది. వేలు మాత్రం ఆగకుండా, ఒకే ఒత్తిడితో వెనక్కి రావాలి.

ఇలా నేర్చుకున్నవాళ్ళకి అసలు పాఠం అప్పుడు మొదలవుతుంది. ట్రిగ్గర్ విడిచే ముందు క్షణంలో చుక్క ఎటు జరిగిందో చూడగలుగుతారు. చటుక్కున కిందికి దిగిందంటే పేలుడుకి ముందే భయపడి చెయ్యి తోసిందన్నమాట. పక్కకి జరిగిందంటే వేలు వంకరగా లాగింది. పేలాక చుక్క ఏటవాలుగా లేచి మరోచోటికి దిగిందంటే రెండో చెయ్యి పట్టు వదులుగా ఉంది. ఐరన్ సైట్లతో ఇవన్నీ తెలుసుకోవడానికి నేర్పేవాడు పక్కన నిలబడి చూసి చెప్పాలి. ఎర్రచుక్కతో ఎవరికి వాళ్ళే చూసుకోవచ్చు. ఆ నర్సమ్మాయి ఇప్పుడు కాల్చిన వెంటనే, కాగితం చూడకముందే, "ఇది కింద పడింది అంకుల్" అని చెప్పేస్తుంది. చాలాసార్లు అక్కడే పడి ఉంటుంది. ఆమెకి నేను నేర్పవలసింది ఇక కొద్దిగానే ఉంది.

ఇంకో అభ్యాసం చెప్తాను. సైట్ ముందు వైపు అద్దం మీద మాస్కింగ్ టేప్ అంటించండి. ఇప్పుడు అద్దంలోంచి బయటికి ఏమీ కనపడదు, చుక్క మాత్రం కనపడుతుంది. రెండు కళ్ళూ తెరిచి లక్ష్యాన్ని చూస్తూ పిస్టల్ ఎత్తండి. ఒక కన్ను చుక్కని, మరో కన్ను లక్ష్యాన్ని చూస్తాయి, మెదడు రెండిటినీ కలుపుతుంది. చుక్క లక్ష్యం మీదే తేలుతుంది. చుక్క వైపు చూపు లాగేసుకునే అలవాటు ఉన్నవాళ్ళు దీన్ని చెయ్యలేరు, వెంటనే తెలిసిపోతుంది. కంటిలో మెల్ల ఉన్నవాళ్ళకి, రెండు కళ్ళ గురి కలవనివాళ్ళకి ఇది కుదరదు, వాళ్ళు ప్రయత్నించి బాధపడనక్కర్లేదు.

మరి కొందరికి చుక్క గుండ్రంగా కనపడదు. తోకచుక్కలా, నలిగిన నక్షత్రంలా, రెండుగా చీలినట్టు కనపడుతుంది. సైట్ పాడైందని దుకాణానికి తిరిగి పంపేస్తారు. కొత్తది వచ్చాక అదీ అలాగే ఉంటుంది. ముందు ఒక చిన్న పరీక్ష చెయ్యండి. పిస్టల్ ఖాళీ చేసి బల్ల మీద పెట్టి, సైట్ వెనక ఫోన్ కెమెరా పెట్టి ఫొటో తీయండి. ఫొటోలో చుక్క గుండ్రంగా ఉంటే లోపం మీ కంట్లో ఉంది, ఆస్టిగ్మాటిజం. కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళి సిలిండర్ పవర్ చూపించుకోండి. ఈ సైట్ కొన్నాకే తన కంటి లోపం తెలుసుకున్నవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే ఉన్నారు. వెలుగు తగ్గించుకున్నా చాలావరకు సర్దుకుంటుంది. కొంతమందికి ఎరుపు కన్నా ఆకుపచ్చ చుక్క హాయిగా ఉంటుంది.

బిగింపు, బ్యాటరీ గురించి రెండు మాటలు. అద్దాన్ని పట్టి ఉంచేవి రెండు చిన్న మరలు, అంతే. స్లైడ్ ఎన్నిసార్లు కొట్టుకుంటే అన్నిసార్లు అవి వదులవడానికి చూస్తాయి. నూనె మరక లేకుండా తుడిచి, మరలకి లాక్‌టైట్ జిగురు రాసి, టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పిన లెక్కకే బిగించండి. చేత్తో అంచనాగా బిగిస్తే ఒకరు వదులుగా వదిలేస్తారు, ఇంకొకరు మర తల తెంపేస్తారు. బిగించాక మర తల మీదుగా సైట్ మీదికి తెల్ల రంగుతో ఒక గీత గీయండి. గీత విరిగి కనపడిందంటే మర తిరిగింది. రేంజ్‌లో గుళ్ళు చెదిరిపోతుంటే పిస్టల్‌నీ చేతినీ తిట్టుకునే ముందు ఆ గీత చూడాలి.

బ్యాటరీ కంపెనీ చెప్పినన్ని సంవత్సరాలు వస్తుందని నమ్మకండి, ఏడాదికోసారి మార్చేయండి. పండగో పుట్టినరోజో, గుర్తుండే తేదీ ఒకటి పెట్టుకోండి. ఆర్‌ఎమ్‌ఆర్‌లో బ్యాటరీ అడుగున ఉంటుంది, మార్చాలంటే సైట్ మొత్తం ఊడదీయాలి, మళ్ళీ బిగించాక గురి సరిచూసుకోవాలి. తర్వాత వచ్చిన సైట్లలో చాలావాటికి పక్కనుంచే మార్చుకోవచ్చు. ఎల్‌ఈడీ బయటికి తెరిచి ఉండే రకాల్లో చొక్కా నూలుపోగు పడినా, వానచినుకు పడినా చుక్క చెదురుతుంది. ఎయిమ్‌పాయింట్ 2019లో తెచ్చిన ఆక్రో లాంటివి పెట్టెలా మూసి ఉంటాయి, ఖరీదు ఎక్కువ. హ్యూస్టన్‌లో ఉండేవాళ్ళకి నేను మూసిన రకమే చెప్తాను. ఏసీ కారులోంచి ఆగస్టు గాలిలోకి దిగితే దాని అద్దానికీ ఆవిరి పడుతుంది, కానీ బయట ఒక తుడుపుతో పోతుంది. తెరిచి ఉండే రకంలో లోపలివైపు పడితే ఆ చిన్న సందులో తుడవడం కుదరదు. ఎవరైనా సరే, అద్దంలోంచి ఆనే ఎత్తైన ఐరన్ సైట్లు కూడా పెట్టించుకోండి. చుక్క ఆరిపోయిన రోజు అవే దిక్కు.

ఇంత చెప్పాక ఐరన్ సైట్ల రోజులు పోయాయనుకోకండి. ఒలింపిక్స్ పిస్టల్ పోటీల్లో ఈ అద్దాలకి అనుమతి లేదు. అక్కడ గాడీ, దిమ్మా, మనిషి కన్నూ, అంతే. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్ టీమ్‌లో స్వర్ణం, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో వ్యక్తిగత రజతం తెచ్చింది. పది మీటర్ల అవతల ఆ పదో వలయం అడ్డుకొలత 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. 2024లో పారిస్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు గెలిచింది కూడా ఐరన్ సైట్లతోనే. మీ పిల్లలు పోటీలకి వెళ్ళాలనుకుంటుంటే వాళ్ళకి చుక్క చూపించకండి. ముందు దిమ్మని చూడ్డం వాళ్ళ కంటికి అలవాటు కావాలి, ఆ వయసులోనే అది త్వరగా వస్తుంది.

చట్టం గురించి చెప్పకుండా ఈ ప్రసంగం ముగించలేను, ఎందుకంటే దీని గురించి మనవాళ్ళలో చాలా అపోహలున్నాయి. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి, అర్హులైన పెద్దవాళ్ళు పర్మిట్ లేకుండా పిస్టల్ పెట్టుకుని తిరగొచ్చు. "అర్హులైన" అన్నది ముఖ్యం. హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉండడం లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. స్నేహితుడు రేంజ్‌కి తీసుకెళ్ళి చేతికిచ్చినా, అక్కడే అద్దెకి తీసుకున్నా అది కూడా దగ్గర ఉంచుకోవడం కిందికే వస్తుంది. సరదాగా ఫొటో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టే ముందు, మీ గ్రీన్ కార్డ్ ఫైలు ఎక్కడుందో గుర్తుచేసుకోండి. అనుమానం ఉంటే ముందు లాయర్‌ని అడగండి. గ్రీన్ కార్డ్ వచ్చినవాళ్ళకి ఈ నిషేధం లేదు. ఇండియా తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు ఈ 9 ఎంఎం పిస్టల్ తీసుకెళ్ళవచ్చా అని అడుగుతారు. అక్కడ 9 ఎంఎం ప్రొహిబిటెడ్ బోర్, మామూలు లైసెన్స్ మీద ఉంచుకునేది కాదు.

ఇంట్లో పిల్లలున్నవాళ్ళకి ఒక మాట. గుళ్ళు నింపిన తుపాకి పదిహేడేళ్ళ లోపు పిల్లల చేతికి అందేలా వదిలేస్తే టెక్సస్‌లో అది పెద్దవాళ్ళ మీద కేసు అవుతుంది. కేసు సంగతి అటుంచండి. బట్టల అలమారాలో పై అరలో, చీరల కింద పెట్టాం, పిల్లలకి తెలియదు అనేవాళ్ళని నేను చాలామందిని చూశాను. పిల్లలకి తెలుసు. మీరు ఎక్కడ ఏం దాస్తారో వాళ్ళకి మీకన్నా బాగా తెలుసు. పిస్టల్ కొన్న రోజే గోడకి బిగించే సేఫ్ కూడా కొనండి. ఆ డబ్బు లేకపోతే అద్దం తర్వాత కొనండి, సేఫ్ ముందు.

నలభై దాటి ఐరన్ సైట్ మసకేసినవాళ్ళకి ఎర్రచుక్క మీద పెట్టే డబ్బు సార్థకమే, సందేహించకుండా కొనుక్కోండి. ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్నవాళ్ళు మొదటి ఏడాది ఆ మూడొందలో ఆరొందలో శిక్షణకీ గుళ్ళకీ ఖర్చు పెట్టండి, పట్టూ ట్రిగ్గరూ కుదిరాక చుక్క వైపు రండి. ఎవరైనా సరే కొనే ముందు, చట్టం అడ్డులేనివాళ్ళయితే, రేంజ్‌లో చుక్క ఉన్న పిస్టల్ ఒక పూట అద్దెకి తీసుకోండి. పదిసార్లు ఎత్తి చూడండి, చుక్క మీ కంటికి గుండ్రంగా ఉందో లేదో చూసుకోండి. ఆ తర్వాతే దుకాణానికి వెళ్ళండి.